కోడిగుడ్డులో పెరగని పిడుదు జ్వరం

ఈ మధ్య మైక్రోబయాలజీలో చేరిన పిల్లలు ముగ్గురు మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగుతూ, "మేడం, మీ రోజుల్లో ఏ పరికరాలూ లేకుండా పాపం ఎలా చేశారండీ" అని అడిగారు. ఆ 'పాపం' అన్నమాటకి నాకు ఒళ్ళు మండింది. పరికరాలు లేకపోవడం ఒక్కటే మా కష్టమైతే ఈపాటికి నేను హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చునేదాన్ని. పరికరం లేకపోతే ఏదో ఒకటి కట్టుకుని నెట్టుకొస్తాం. బుర్ర పనిచెయ్యకపోతేనే చిక్కు. ముందు నా బుర్ర సంగతే చెప్తున్నాను, తర్వాత మిగతావాళ్ళది.

అందుకని ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, సెమినార్లు, శాలువాలు ఇందులో ఉండవు. అవి కావలసినవాళ్ళకి నా రిటైర్మెంటు రోజున అచ్చు వేసిన పుస్తకం మా అటక మీద ఉంది, దులుపుకుని చదువుకోవచ్చు.

మాది గోదావరి జిల్లా. నాన్నకి పోర్టులో ఉద్యోగం రావడంతో చిన్నప్పుడే విశాఖపట్నం వచ్చేశాం. డాక్టరు చదివాక అందరూ వార్డుల్లోకి వెళ్తే నేను లాబ్‌లోకి వెళ్ళాను. రోగులతో మాట్లాడే ఓర్పు నాకు లేదని మా అమ్మ అనేది, నిజమే. డెబ్బైల చివరి నుంచి ఎనభైల దాకా నేను చేసిన పని ఒక్క మాటలో చెప్పాలంటే, పిడుదులు మోసుకొచ్చే జబ్బు క్రిముల్ని పట్టుకోవడం. పిడుదు తెలుసు కదా, కుక్క చెవి లోపల శనగబద్దలా అంటిపెట్టుకుని రక్తం తాగుతుంది. దాన్ని పీకి, నూరి, అందులో ఉన్న క్రిమిని బతికుండగా బయటికి తీసి పెంచాలి. చెప్పడానికి ఒక్క వాక్యం, చెయ్యడానికి తల ప్రాణం తోకకి వచ్చేది.

స్పిరిట్లో పిడుదులు

ఉక్కు ఫ్యాక్టరీ కట్టడం మొదలైన రోజులవి. తుప్పలూ జీడితోటలూ కొట్టి నేల చదును చేస్తున్నారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కూలీలు కుటుంబాలతో వచ్చి రేకుల షెడ్లలో ఉండేవారు. షెడ్ల చుట్టూ కుక్కలు, కుక్కల నిండా పిడుదులు. ఒక కాంట్రాక్టరు క్యాంపులో ఒక జ్వరం తిరుగుతోందని తెలిసింది. విపరీతమైన తలనొప్పి, నాలుగో రోజుకి ఒంటి నిండా ఎర్రటి మచ్చలు. ఇంట్లోవాళ్ళు తట్టు అని వేపమండలు కట్టేవారు. క్యాంపు డాక్టరు టైఫాయిడ్ అని రాసేవాడు. ఆ మచ్చలు అరచేతుల్లోనూ అరికాళ్ళలోనూ కూడా ఉంటున్నాయి. టైఫాయిడ్‌కి అలా రావు. పిడుదు కాటుతో వచ్చే జ్వరానికి వస్తాయి.

ఈ జ్వరం చాలామందికి దానంతట అదే తగ్గిపోతుంది. కొందరికి మాత్రం మెదడుకీ మూత్రపిండాలకీ పాకి ప్రాణం తీస్తుంది. టెట్రాసైక్లిన్ బిళ్ళలు వేస్తే రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. ఇది నేను కనిపెట్టింది కాదు, అప్పటికే పుస్తకాల్లో ఉన్నదే. కానీ క్యాంపు డాక్టరు ఇస్తున్నది యాంపిసిలిన్ ఇంజెక్షన్లు. ఈ క్రిమికి యాంపిసిలిన్ ఇవ్వడమూ ఒకటే, పంచదార నీళ్ళు ఇవ్వడమూ ఒకటే.

ముందు పిడుదులు కావాలి. క్యాంపు డిస్పెన్సరీకి కబురు పెట్టాను, కుక్కల మీంచి పిడుదులు తీసి పంపమని. ఒక సీసా వచ్చింది, నిండా స్పిరిట్, అడుగున పిడుదులు. చచ్చిన పిడుదుతో నేనేం చెయ్యను? బతికున్నవి పంపండి అని మళ్ళీ కబురు. మళ్ళీ స్పిరిట్. మూడోసారి కూడా స్పిరిట్టే వస్తే నేనే ఫోన్ చేసి కంపౌండరుని నిలదీశాను. అతను ఏమాత్రం తొణక్కుండా, "వేసినప్పుడు బతికే ఉన్నాయండి" అన్నాడు. ఇక ఆ మనిషితో ఏం మాట్లాడతాం, ఫోన్ పెట్టేశాను.

ఆ తర్వాత నేనూ, మా జంతువుల గది చూసే అటెండరు పైడిరాజూ కలిసి వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. పైడిరాజుది గోపాలపట్నం. గినీ పందులకి మేత పెట్టడం, గూళ్ళు కడగడం, కోడిగుడ్లు మోసుకురావడం అతని పని. కుక్కల్ని మచ్చిక చేసుకోవడంలో సిద్ధహస్తుడు. ఎంత కరిచే కుక్కయినా అతను చెవి కింద గోకితే పడుకునేది. సీసాలో తడి కాగితం వేసి, పిడుదులు వేసి, పైన గుడ్డ కట్టి సిటీ బస్సులో తెచ్చేవాళ్ళం. ఒకసారి కండక్టరు ఆ సీసా చూసి, "ఏటి బావా అది?" అని అడిగాడు. నేను నిజం చెప్పబోయాను. పైడిరాజు నా కంటే ముందే, "ఇత్తనాలు బావా" అన్నాడు. దిగాక, "నిజం సెప్తే మనల్ని గాజువాకలోనే దింపేత్తాడమ్మా" అని నాకే బుద్ధి చెప్పాడు.

పురుగు చూపించమ్మా

ఈ క్రిమి పేరు రికెట్సియా. బాక్టీరియా జాతిదే, కానీ మహా గీర. టైఫాయిడ్ క్రిమిలాగా పళ్ళెంలో పోసిన మేత మీద పెరగదు. బతికున్న కణం లోపలే పెరుగుతుంది. అంటే గినీ పందిలోనన్నా పెంచాలి, పిల్ల తయారవుతున్న కోడిగుడ్డులోనన్నా పెంచాలి.

రోగుల రక్తానికి ఒక పరీక్ష ఉండేది. అది చేస్తే పిడుదు జ్వరమనే వచ్చింది. రోగి రక్తం ఎక్కించిన మగ గినీ పందులకి జ్వరం వచ్చి వృషణాలు వాచాయి, అది కూడా ఈ జబ్బు గుర్తే. నాకు ఇంక అనుమానం లేదు. క్యాంపు డాక్టరుకి మందు మార్చమని ఉత్తరం రాసి, సంతకానికి మా ప్రొఫెసర్ గారి దగ్గర పెట్టాను.

ఆయన గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. నిజాయితీపరుడు, ఎవరి పనీ తన పేరు మీద వేసుకోడు, లంచ్ డబ్బా తనే కడుక్కుంటాడు. కానీ తప్పు చెయ్యకూడదన్న భయం ఆయన్ని తినేసేది. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి ఉత్తరం చదివి, "ఈ రక్తపరీక్ష వేరే జబ్బులకి కూడా వస్తుందమ్మా. గినీ పందులు ఈ ఎండలకి కూడా జ్వరం తెచ్చుకుంటాయి. పురుగు చూపించమ్మా, సంతకం పెడతాను" అన్నారు.

ఆయన అన్న ప్రతి మాటా పుస్తకం ప్రకారం ఒప్పే. అదే నా బాధ. తప్పు మాట్లాడేవాడితో పోట్లాడొచ్చు, ఒప్పు మాట్లాడుతూ అడ్డం కూర్చున్నవాడితో ఎలా పోట్లాడతాం?

సరే అని నేనే క్యాంపు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కృష్ణా జిల్లా మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా. టైఫాయిడ్‌కి మామూలుగా ఇచ్చే క్లోరాంఫెనికాల్ ఇచ్చినా ఈ జ్వరం తగ్గేది. దానితో రక్తం పడిపోతుందని ఎక్కడో చదివి ఆయన మానేశాడు. కొత్తగా వచ్చిన యాంపిసిలిన్ మీద మోజు పడ్డాడు. నేను చెప్పినదంతా విని నవ్వాడు. "మేడం గారూ, మీరు గాజు సీసాల డాక్టరు, నేను మనుషుల డాక్టర్ని. అయినా మీ మాట ఎందుకు కాదనాలి? ఆ పురుగేదో పెంచి మీ ప్రొఫెసర్ గారి సంతకంతో పంపించండి, మర్నాడే మందు మారుస్తాను."

అంటే లెక్క తేలిపోయింది. కోడిగుడ్డులో క్రిమి పెరిగితేనే క్యాంపులో మందు మారుతుంది. అది పెరిగేలోపు ఎవరికి జ్వరం వచ్చినా వాళ్ళ రాత ఎలా ఉంటే అలా.

దువ్వాడ గుడ్లు

గుడ్డు పని ఇలా ఉంటుంది. పొదిగే పెట్టెలో ఐదారు రోజులు ఉంచిన గుడ్డు తీసుకోవాలి. చీకటి గదిలో దీపం ముందు పెట్టి చూస్తే లోపల సాలెగూడులా నరాలు, మధ్యలో కదిలే చుక్క కనిపిస్తాయి. అదే పిల్ల. పెంకుకి చిన్న బెజ్జం పెట్టి, సూదితో పచ్చసొనలోకి రోగి రక్తం ఎక్కించి, మైనంతో మూసి మళ్ళీ పెట్టెలో పెట్టాలి. క్రిమి పెరిగితే ఆరేడు రోజుల్లో పిల్ల చచ్చిపోతుంది. అప్పుడు పచ్చసొన సంచి తీసి అద్దం మీద రాసి రంగు వేస్తే ఎర్రటి నలుసులు కనపడతాయి.

ఈ పని మా టెక్నీషియన్ కరుణ చేసేది. అంత శుభ్రమైన చెయ్యి నేను మళ్ళీ చూడలేదు. గుడ్లకి ఆదివారం సెలవు ఉండదు కాబట్టి, చర్చి అవగానే తెల్లచీరలోనే వచ్చి దీపం ముందు గుడ్లు చూసుకుని వెళ్ళేది.

గుడ్లు ఎక్కడివి తేవాలన్నది నేను నిర్ణయించాను. పైడిరాజు పెరట్లో నాటుకోళ్ళు ఉన్నాయి, ఆ గుడ్లు తెస్తానన్నాడు. నేను చూడను కూడా చూడకుండా వద్దన్నాను. పెంటకుప్పల మీద తిరిగే కోళ్ళు, ఏ రోగాలు ఉన్నాయో ఏమో. సైన్సు పని సైన్సులా ఉండాలి. దువ్వాడ దగ్గర కొత్తగా, పొదిగించే గుడ్లు అమ్మే కోళ్ళఫారం ఒకటి పెట్టారు. తెల్లటి సున్నం, వరస గూళ్ళు, ఒక్క కోడి కూడా కునుకుతూ కనపడలేదు. యజమాని, "మా ఫారంలో జబ్బు అన్నమాట లేదండి" అన్నాడు. నాకు తెగ నచ్చేసింది. ఇవే కావాలి అన్నాను. ప్రతివారం పైడిరాజు దువ్వాడ వెళ్ళి బుట్టలో ఊక పోసి గుడ్లు తెచ్చేవాడు.

మొదటి విడత గుడ్లకి రక్తం ఎక్కించాం. ఏడో రోజు విప్పితే పిల్లలన్నీ బతికున్నాయి. రెండో విడత, అదే. మూడో విడత, అదే. పిల్లలు బతకడమే కాదు, బ్రహ్మాండంగా పెరుగుతున్నాయి. ఏ క్రిమీ లేదు.

నేను కరుణ మీద పడ్డాను. సూది సరిగ్గా దిగలేదన్నాను. రక్తం ఐసులో పెట్టడం ఆలస్యం చేశావన్నాను. పెట్టె వేడి ఎక్కువైందన్నాను. ఆ పిల్ల ప్రతిదీ సరిచేసుకుంది, ప్రతిసారీ అదే ఫలితం. ఒకరోజు నెమ్మదిగా, "మేడం, ఓసారి గుడ్లు మార్చి చూద్దామా" అంది. "నీ చెయ్యి మార్చుకో ముందు" అన్నాను. నలుగురి ముందు అన్నాను. ఆమె తల వంచుకుని గాజుసామాను కడగడానికి వెళ్ళింది.

నా కోపం లాబ్‌లో అందరికీ అలవాటే. "మేడమ్మకి కోపమొచ్చిందంటే గినీ పందులు కూడా మేత మానేత్తాయి" అని పైడిరాజు నా వెనక అనేవాడు. నాకు వినపడేలాగే అనేవాడు.

చిన్నవాళ్ళకి ఇక్కడ ఒక మాట. పని చెడితే ముందు చేత్తో పని చేసినవాళ్ళ మీద పడతాం, అది తేలిక. మనం ఎంచుకున్నదాన్ని అనుమానించడం కష్టం, ఎందుకంటే దాన్ని ఎంచినప్పుడు మనం గొప్పగా ఫీలయ్యాం. ఆ ఫారం నా ఎంపిక. అందుకే ఏడు నెలల పాటు గుడ్డు తప్ప ప్రపంచంలో ఉన్న ప్రతిదాన్నీ నేను అనుమానించాను.

సూర్రావు

ఆ ఏడు నెలల మధ్యలో ఒకరోజు పొద్దున్న పైడిరాజు జంతువుల గది తాళం తియ్యకుండా నేరుగా నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మా అల్లుడికి జరమొచ్చింది. మూడ్రోజులైంది. సేతుల్లో ఎర్రగా మచ్చలు."

అతని అల్లుడు సూర్రావు ఆ క్యాంపులోనే ఇనుప చువ్వలు వంచే పని చేసేవాడు. కూతురు నూకాలుతో షెడ్డులో కాపురం. నేను వెంటనే వెళ్ళాను. సూర్రావు గోడవైపు తిరిగి పడుకున్నాడు, వెలుగు చూడలేకపోతున్నాడు. నూకాలు తల నొక్కుతోంది. గుమ్మంలో ఒక కుక్క, దాని చెవుల్లో నేను ఎన్నాళ్ళుగానో పీకుతున్న పిడుదులు. అతని అరచెయ్యి తిప్పి చూశాను. పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటుందో అలాగే ఉంది.

రక్తం తీసుకుని, డిస్పెన్సరీకి వెళ్ళి క్యాంపు డాక్టరుతో టెట్రాసైక్లిన్ మొదలుపెట్టమన్నాను. "నిన్ననే యాంపిసిలిన్ మొదలెట్టాను మేడం. నా పేషెంటుని నాకు వదిలెయ్యండి" అన్నాడు. లాబ్‌కి వచ్చి, ఆ రక్తం గుడ్లకీ ఒక గినీ పందికీ ఎక్కించి, ప్రొఫెసర్ గారితో చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. బాధపడుతూనే, "ఇంకో డాక్టరు పేషెంటుకి మనం మందు రాయకూడదమ్మా, పద్ధతి కాదు. గుడ్లకి ఎక్కించావు కదా, ఆరు రోజుల్లో తేలిపోతుంది" అన్నారు.

సాయంత్రం పైడిరాజు నన్ను వరండాలో ఆపాడు.

"అమ్మా, ఆ మందేదో మీకు తెలుసు కదా. మీరే రాసిచ్చీండి. నానెల్లి కొనుక్కొత్తాను. పురుగుని తరవాత సూసుకుందురు గాని."

అప్పుడు నా బ్యాగులో పెన్ను ఉంది, కాగితం ఉంది. నేను కూడా రిజిస్టరైన డాక్టర్నే. మందుల షాపు రోడ్డుకి అవతల ఉంది. అయినా నేనేమన్నానంటే, "నేను వార్డు డాక్టర్ని కాదు పైడిరాజూ. అలా రాయకూడదు. గుడ్ల ఫలితం రానీ, దెబ్బకి అందరూ దారిలోకి వస్తారు."

అతను గినీ పందులకి నీళ్ళు పెట్టి ఇంటికి వెళ్ళాడు.

నాలుగో రోజు సూర్రావుకి ఫిట్స్ వచ్చాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయేమో.

ఆరో రోజు అతని రక్తం ఎక్కించిన గుడ్లు విప్పాం. పిల్లలన్నీ బతికున్నాయి, కాళ్ళు తన్నుకుంటున్నాయి. ఇక్కడ నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు, కానీ రాస్తాను. దినాలు అయి పైడిరాజు పనిలోకి వచ్చాక అతన్ని పిలిచి, "గుడ్లలో ఏమీ రాలేదు పైడిరాజూ. మీ అల్లుడిది అసలు ఆ జ్వరం కాదేమో. ఆ మందు ఇచ్చినా ఆగేది కాదేమోలే" అన్నాను. అతన్ని ఓదార్చానని అనుకున్నాను. ఓదార్చుకున్నది నన్ను నేను. అదే రక్తం ఎక్కించిన గినీ పంది పక్క గదిలో జ్వరంతో వణుకుతోంది, నాకు తెలుసు. ఆ క్రిమి చావకుండా ఒక గినీ పంది నుంచి ఇంకోదానికి ఎక్కిస్తూ వచ్చాం. వాటికి మేత పెట్టింది పైడిరాజే.

పసుప్పచ్చ పొడి

ఇంకో రెండు నెలలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం మళ్ళీ గుడ్లు విప్పాం, మళ్ళీ అన్నీ బతికే ఉన్నాయి. నేను చేతిలో ఫోర్సెప్స్ బల్ల మీద విసిరేసి, "ఏం జాతి కోళ్ళు ఇవి, చావనే చావవా" అన్నాను. పైడిరాజు ఖాళీ పెంకులు బకెట్‌లోకి ఎత్తుతున్నాడు.

"అవి సావవమ్మా" అన్నాడు తల ఎత్తకుండా. "ఆ ఫారం కోళ్ళకి జబ్బే రాదు. మేతలో పసుప్పచ్చ పొడి కలిపేత్తారు కదా."

"ఏం పొడి?"

"ఏదో మందంటమ్మా. నానెల్లినప్పుడల్లా సూత్తన్నాను. బస్తాకింత అని కలిపేత్తారు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరడగనేదు కదమ్మా."

కరుణ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూడలేకపోయాను. మర్నాడు పైడిరాజు దువ్వాడ వెళ్ళి ఖాళీ ప్యాకెట్ ఒకటి మడిచి జేబులో పెట్టుకొచ్చాడు. విప్పి చదివాను. టెట్రాసైక్లిన్ జాతి మందు. కోడి తింటే గుడ్డులోకి దిగుతుంది. గుడ్డులోకి మేము ఎక్కించిన క్రిమి ఎక్కించినట్టే చచ్చిపోతోంది.

నా బుద్ధికి ఆ క్షణంలో తట్టింది చెప్తాను, దీనికోసమే ఇదంతా రాస్తున్నాను. ఆ గుడ్లు మమ్మల్ని ఓడించలేదు. ఏడు నెలలూ వారం వారం ఒకే మాట చెప్పాయి, ఈ మందు తగిలితే ఈ క్రిమి బతకదని. క్యాంపు డాక్టరుకి నేను చెప్పాలనుకున్న మాట అదే. గినీ పందిలో పెరుగుతున్న క్రిమి గుడ్డులో ఎందుకు చస్తోందని ఒక్కసారి సరిగ్గా ఆలోచించి ఉంటే రుజువు నా చేతిలోనే ఉంది. నేను దాన్ని నోటుపుస్తకంలో 'ఫలితం లేదు' అని రాసుకుంటూ పోయాను. కరుణది చెడ్డ చెయ్యి అనుకున్నాను.

పైడిరాజు ఇంకా టేబుల్ పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఏ మందమ్మా అది?"

అబద్ధం ఆడొచ్చు. ఒకసారి ఆడాను కూడా. "సూర్రావుకి ఇవ్వాల్సిన మందు" అన్నాను.

అతను ప్యాకెట్ నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చదువు రాదు. "కోళ్ళకి డాట్రు సీటీ నేకుండానే పెట్టేత్తన్నారు" అన్నాడు. మళ్ళీ తనే, "అయితే మా అల్లుడిది ఆ జరమేనా" అని అడిగాడు.

"అదే."

ప్యాకెట్ మళ్ళీ టేబుల్ మీద పెట్టేశాడు. "రేపట్నించి మా ఇంటి గుడ్లు తెత్తాను" అని వెళ్ళిపోయాడు. కరుణకి ఆ సాయంత్రమే క్షమాపణ చెప్పాను. నలుగురి ముందు తిట్టినదాన్ని నలుగురి ముందే చెప్పాను. ఆమె, "సరే మేడం, గుడ్లు పెట్టుకుందామా" అంది, అంతే. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

నూకాలు

నాటుగుడ్లలో సగం పనికిరానివే. పెంకు మీద మట్టి, కొన్నింట్లో పిల్లే లేదు. మిగిలినవాటిలో గినీ పందిలో దాచుకున్న సూర్రావు క్రిమిని ఎక్కించాం. ఆరో రోజుకి పిల్లలు వరసగా చచ్చిపోయాయి. పిల్లలు చచ్చిపోతే సంతోషించే ఉద్యోగం ఇది. కరుణ అద్దం మీద రాసి రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను పిలిచింది. నీలం నేల మీద ఎర్రటి నలుసులు, గుంపులు గుంపులుగా.

ప్రొఫెసర్ గారు చాలాసేపు చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. అప్పటికప్పుడు ఉత్తరం మీద సంతకం పెట్టారు. క్యాంపు డాక్టరు కూడా మాట తప్పలేదు, మర్నాటి నుంచి మందు మార్చాడు. జ్వరాలు దిగడం మొదలైంది. ఇద్దరూ ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో మా అందరిదీ మంచి క్రమశిక్షణ.

ఆ వారంలోనే నూకాలు లాబ్‌కి వచ్చింది. గుడ్ల బుట్ట తనే మోసుకొచ్చింది, ఆ కోళ్ళని పెంచుతున్నది ఇప్పుడు తనేనట. బుట్ట కరుణకిచ్చి నా ముందు నిలబడింది.

"అమ్మా, ఆ పురుగుని పట్టుకున్నారంట కదా. ఓపాలి సూపిత్తారా?"

లాబ్‌లోకి బయటివాళ్ళని రానివ్వకూడదని రూలు. ఈసారి రూలు గుర్తు చేసుకోలేదు. స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక కన్ను మూసుకోమని చెప్పి, నెమ్మదిగా తిప్పి స్పష్టంగా కనపడేలా చేశాను. చాలాసేపు చూసింది.

"ఎర్రగా నలుసుల్లాగున్నాయి. ఇవేనా?"

"ఇవే."

కన్ను తీసి నా మొహంలోకి చూసింది. కోపంగా లేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"ఈటిని సూసేదాకా మందు ఇయ్యకూడదా అమ్మా?"

నా దగ్గర చాలా జవాబులు ఉన్నాయి. ప్రొఫెసర్ గారు ఉన్నారు, క్యాంపు డాక్టరు ఉన్నాడు, ఇంకొకరి పేషెంటుకి మందు రాయకూడదన్న పద్ధతి ఉంది. ఇన్నాళ్ళూ అవన్నీ తిడుతూ బతికినదాన్ని, ఒక్కొక్కటీ నాలుక చివరే ఉంది.

"ఇవ్వొచ్చు నూకాలూ" అన్నాను. "నేనే ఇవ్వలేదు."